మూడో చుక్క

ఫోనులో అతను చెప్పిన మొదటి విషయానికే నేను అడ్డు తగిలాను. "మేడమ్, నా పేరు సతీష్ అండి. గుడివాడలో పాత కార్లు బాగుచేస్తుంటాను. ఒక పాత స్పోర్ట్స్ కారుకి ముందు ఫ్రేము మారుస్తున్నాం. విప్పి చూస్తే లోపలివైపు వరసగా మూడు చుక్కలు కొట్టి ఉన్నాయి. బందర్లో పాత మెకానిక్కుల్ని అడిగితే అది మీ నాన్నగారి షెడ్డు గుర్తని చెప్పి మీ నంబరిచ్చారండి" అన్నాడు. "మా షెడ్డు గుర్తు రెండు చుక్కలు బాబూ, మూడు కాదు" అన్నాను. ముప్పయ్యేళ్లకు పైగా హైస్కూలు పిల్లలకు లెక్కలు చెప్పినదాన్ని, ఎవరైనా అంకె తప్పు చెబితే ఊరుకోవడం నా ఒంట్లో లేదు. అతను మర్యాదగానే, "నా కళ్ల ముందే ఉన్నాయండి. మూడే" అన్నాడు. కారు ఎర్రదా అని అడిగాను. ఇప్పుడు నీలమనీ, గీకితే కింద ఎరుపే ఉందనీ చెప్పాడు. సీట్లు రెండేనా, పైన గుడ్డ టాపు మడిచేదా అని అడిగాను. అవునన్నాడు. ఇంక నాకు అడగడానికేమీ మిగల్లేదు. రేపు పొద్దున్న బండికి వస్తానని చెప్పి ఫోను పెట్టేశాను.

చుక్కల సంగతి చెప్పాలి. మా తాత బందరు రేవులో పడవలకు ఇనుప సామాను చేసేవాడు. మేకులు, కొక్కేలు, చుక్కానికి వేసే పట్టీలు. ఆయన కాలం నుంచి మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. పని పూర్తయ్యాక, ఆ పనిలో ఎవరెవరి చెయ్యి ఉందో వాళ్లకు ఒక్కొక్క చుక్క చొప్పున, బయటికి కనబడనిచోట పంచ్ పెట్టి సుత్తితో కొట్టాలి. పేరు రాయకూడదు. పని చేయించుకున్నవాళ్లకు చెప్పాల్సిన అవసరం కూడా లేదు. నాన్న పడవలు వదిలి కార్లలోకి వచ్చాక కూడా ఆ పద్ధతి మానలేదు. మా షెడ్డులో పనిచేసేది ఇద్దరే, నాన్న, మస్తాన్ మావయ్య. అందుకని రెండు చుక్కలు. మస్తాన్ మావయ్య మాకు బంధువేం కాదు, నాన్న దగ్గర వెల్డింగు చేసేవాడు, నాకు ఊహ తెలిసినప్పటినుంచీ మావయ్యే. మూడో చెయ్యి మా షెడ్డులో ఎప్పుడూ లేదు. ఉండాలని గట్టిగా కోరుకున్నది మాత్రం నేను.

మర్నాడు బందరు నుంచి పొద్దుటి ప్యాసింజర్ ఎక్కాను. గుడ్లవల్లేరు దాటేదాకా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను గాని ఏం చూశానంటే చెప్పలేను. సతీష్ షెడ్డును షెడ్డు అనడానికి నోరు రాదు. నేల మీద పలకలు, గోడకు వరసగా వేలాడే పానాలు, కారును మీట నొక్కితే ఎత్తే యంత్రం, ఒక మూల కంప్యూటరు. అన్నిటికంటే నాకు వింతగా అనిపించింది, అక్కడ వాసనే లేకపోవడం. సతీష్‌కు నలభై ఉంటాయేమో, నెమ్మదైన మనిషి. కారును ముదినేపల్లి వైపు చేపల చెరువులున్న ఒకాయన కొన్నాడట. అంతా మొదట్లో ఎలా తయారైందో అలాగే ఉండాలని ఆయన పట్టుదలట. అందుకని ఇంగ్లండు నుంచి కొత్త ఫ్రేము పెట్టెలో వచ్చింది. "మీ నాన్నగారు చేసింది పాడైపోయి కాదు మేడమ్. ఇంకో యాభయ్యేళ్లు పనికొస్తుంది. కానీ ఒరిజినల్ కాదుగా అండి" అన్నాడు, నేనేమైనా అనుకుంటానేమోనన్నట్టు. పాత ఫ్రేమును రెండు బల్లల మీద పెట్టి ఉంచాడు. వంగి లోపలివైపు టార్చి వేసి చూపించాడు. మూడున్నాయి. రెండు చుక్కలు ఒక వరసలో సూటిగా, మూడోది కొంచెం పక్కకు జరిగి. నేను దాని మీద వేలు పెట్టాను. సన్నని గుంట, గోరు కొన పట్టేంత.

అక్కణ్నించి ఇంక నేను గుడివాడలో లేను.

మా ఇంటి వంటగదికీ షెడ్డుకూ మధ్య ఒకటే గోడ, అదీ సగం ఎత్తు వరకే. అమ్మ ఇటు వంకాయలో ఎండు రొయ్యలు వేసి తాలింపు పెడితే ఆ ఘాటుకు నాన్న అటు తుమ్మేవాడు. నాన్న అటు తుప్పు బోల్టులు కాలిస్తే ఆ పొగకు అమ్మ ఇటు దగ్గేది. "మనింట్లో కూరకి గ్రీజు వాసన, కారుకి కూర వాసన" అని విసుక్కునేది. విసుక్కుందే గాని ఆ గోడ పైదాకా కట్టించమని ఒక్కనాడూ అడగలేదు. నాన్న పొద్దున్నే షెడ్డులోకి వెళ్లి ముందు తాతనాటి దాగలిని, ఇనుము పెట్టి కొట్టే దిమ్మను, తడిగుడ్డతో తుడిచేవాడు. దాని మీద అప్పటికి పెద్దగా పనే ఉండేది కాదు, అయినా తుడిచేవాడు. మధ్యాహ్నం అన్నానికి లేచేముందు చేతులు కడుక్కోవడం ఒక పెద్ద తతంగం. ముందు కిరసనాయిలు, తర్వాత రంపపు పొట్టు, తర్వాత అమ్మ తిట్టుకుంటూ ఇచ్చే పిడికెడు శనగపిండి. ఇంతా చేసి ఆయన వేళ్ల సందుల్లో నలుపు నలుపులాగే ఉండేది. నాకు ఇప్పటికీ పెట్రోలు బంకు దగ్గర కిరసనాయిలు లాంటి వాసన తగిలితే ఆకలేస్తుంది. ఎవరికైనా చెబితే నవ్వుతారని చెప్పను.

మస్తాన్ మావయ్య నాన్నకు పూర్తిగా వ్యతిరేకం. నాన్న రోజుకు పది మాటలు మాట్లాడితే మావయ్య పదివందలు మాట్లాడేవాడు, మధ్యమధ్యలో వెల్డింగు చేసేవాడు. అతికించిన చోట చిన్న సుత్తితో తట్టి, కళ్లు మూసుకుని చెవి దగ్గర పెట్టి వినేవాడు. బాగా అతికిన ఇనుము ఒకలా మోగుతుందట, లోపల బోలు ఉంటే ఇంకోలా మోగుతుందట. నాకు ఎప్పుడూ రెండూ ఒకేలా వినబడేవి. "చెవులు నాయి, కళ్లు మీ నాయనవి, లెక్కలు నీయి. ముగ్గురం కలిస్తే ఒక మంచి మెకానిక్కు అవుతాంలే లెక్కల తల్లీ" అనేవాడు. నేనప్పుడు బందర్లోనే డిగ్రీ లెక్కలు చదువుతున్నాను, ఆఖరి సంవత్సరం. కాలేజీ నుంచి వచ్చి పుస్తకాలు గూట్లో పడేసి షెడ్డులోకి వెళ్లేదాన్ని. కొలతలు చెప్పడం, సుద్దముక్కతో నేల మీద గీయడం, ఏ బోల్టు ఎక్కడిదో గుర్తుపెట్టుకోవడం నాకు వదిలేసేవాళ్లు. బరువైనదేదైనా ఎత్తబోతే మాత్రం నాన్న వెంటనే చెయ్యి అడ్డం పెట్టేవాడు. "నువ్వు వదిలెయ్యమ్మా." ఎన్నిసార్లు విన్నానో ఆ మాట. కోపంగా కాదు, చాలా ముద్దుగానే అనేవాడు. అదే నాకు మరీ మంట.

నాకేం కావాలో నాకు తెలుసు. డిగ్రీ అయ్యాక ఆ షెడ్డులో ఉండిపోవాలి. నాన్న, మావయ్య, నేను. నాన్నకేం కావాలో కూడా తెలుసు. బీఎడ్ కాలేజీ దరఖాస్తు తెచ్చి, దేవుడి పటం వెనక మడత నలక్కుండా పెట్టాడు. ఒకరోజు ధైర్యం చేసి అడిగేశాను, నేను షెడ్డులోనే పనిచేస్తాను నాన్నా అని. ఆయన పానా తుడుస్తూ, "ఈ అవనిగడ్డ కారు పని అవనీ, చూద్దాం" అన్నాడు. నాన్న నోటి వెంట చూద్దాం అన్న మాట రావడం నాకు అదే మొదటిసారి. అమ్మ గోడ అవతల గరిటె ఆపి వింది.

అవనిగడ్డ కారంటే ఈ కారే. దివిసీమలో రైసుమిల్లున్న భూషయ్యగారిది. మద్రాసులో ఎవరో దొర వెళ్లిపోతూ అమ్మితే కుర్రతనంలో ముచ్చటపడి కొనుక్కున్నారట. ఉప్పెన వచ్చినప్పుడు సముద్రం ఆయన మిల్లులోకి, కారు పెట్టిన కొట్టులోకి కూడా వచ్చింది. నీళ్లు పోయాయి గాని ఉప్పు పోలేదు. కొన్నేళ్లలో ముందు ఫ్రేము అట్టులా చిల్లులు పడిపోయింది. ముందు ఫ్రేమంటే ఇంజను కూర్చునే పీట. దానికి ఎడమొకటి కుడొకటి రెండు కొమ్ములు ముందుకు చాచి ఉంటాయి, చక్రాలు వేలాడేది వాటికే. పులిగడ్డ మీదుగా కారును లారీలో ఎక్కించి తెచ్చారు. భూషయ్యగారు తెల్లపంచె మడిచి పట్టుకుని, మా షెడ్డు నేల మీద ఎక్కడ అడుగు పెట్టాలో తెలియక గుమ్మంలోనే నిలబడ్డారు. ఇంత పాతదానికి ఇంత శ్రమ ఎందుకండీ అని అమ్మ మజ్జిగ ఇస్తూ అడిగేసింది. ఆయన గ్లాసు పట్టుకుని, "ఉప్పెనలో పోయినవాటిల్లో బాగుచేయించుకోడానికి వీలైంది ఇదొక్కటేనమ్మా" అన్నారు.

ఈ ఫ్రేము ఎక్కడా దొరకదు, చేసుకోవాల్సిందే. చేసే పద్ధతి మాత్రం తాత నాటిదే. పాతది పక్కన లేకుండా కొత్తది చెయ్యకూడదు. పాతదాన్ని కొలిచి, దానికి అచ్చుగా, ఉన్నదాన్ని ఉన్నట్టు చెయ్యాలి. దీనికి కారణం ఉంది. చెక్కపడవ నీళ్లలో ఏళ్ల తరబడి నాని ఒక పక్కకు ఒరుగుతుంది, ఒక చోట ఉబ్బుతుంది. దానికి వేసే ఇనుప పట్టీ కూడా ఆ ఒంపుకు తగ్గట్టే ఉండాలి. శుభ్రంగా సమానంగా చేసుకొస్తే అది పడవకు పట్టదు. అందుకే తాత, తర్వాత నాన్న, వంకర ఉంటే వంకరతో సహా దించేవారు. అలా దించగలగడమే పనితనం. పడవలకు అది నూటికి నూరుపాళ్లు సరైన పద్ధతి.

కారును నాలుగు దిమ్మల మీదికి ఎత్తారు. ఇంజనును చైన్ పుల్లీతో లేపి తాటిదూలానికి వేలాడదీశారు. తుప్పు బోల్టులకు వారం రోజులు పూటపూటా కిరసనాయిలు పోశాం, పసిపిల్లకు పాలు పట్టినట్టు. ఫ్రేము విప్పే ముందు కొలతలు తీసే పని నాది. దారానికి కట్టిన ఇత్తడి గుండును ప్రతి బోల్టు రంధ్రం నుంచి కిందికి వదిలి, అది నిలకడగా ఆగేదాకా ఊపిరి బిగబట్టి చూసి, సరిగ్గా దాని ముక్కు కింద నేల మీద సుద్దతో గుర్తు పెట్టాలి. గుర్తులన్నీ కలిపితే ఫ్రేము మొత్తం నేల మీద బొమ్మగా పడుతుంది. ఆ బొమ్మ చూసుకుని నేనెంత పొంగిపోయానో. కాలేజీలో గీసిన ఏ రేఖాగణితం బొమ్మా నాకు అంత ఆనందం ఇవ్వలేదు. టేపు పెట్టి కొలిచాను. ఎడమ కొమ్ము కుడి కొమ్ము కంటే పొట్టిగా ఉంది.

"నాన్నా, ఎడమవైపు అర అంగుళం తక్కువుంది."

"మళ్లీ కొలువు."

మళ్లీ కొలిచాను. మూల నుంచి మూలకు ఏటవాలుగా దారం పట్టి కూడా చూశాను. అర అంగుళం అర అంగుళమే. "ఎప్పుడో దేనికో గుద్దారు నాన్నా. ఎడమ కొమ్ము వెనక్కి నొక్కుకుపోయింది. కొత్తదాంట్లో రెండూ సమానంగా పెట్టాలి" అన్నాను.

నాన్న ఆ సుద్దగీతల చుట్టూ ఒకసారి తిరిగాడు. "స్టీరింగు కుడివైపుంది. నడిపేవాడి బరువు అటే పడుద్ది. దానికి సర్దుబాటుగా అలా పెట్టుంటారు. దొరలు ఊరికే చేస్తారా?"

"దొరలు కూడా స్తంభాలకి గుద్దుకుంటారు నాన్నా."

మస్తాన్ మావయ్య పగలబడి నవ్వాడు. నాన్న నవ్వలేదు. "ఉన్నదాన్ని ఉన్నట్టు చెయ్యాలి. మన తెలివి అక్కర్లేదు" అని పానా తీసుకున్నాడు. నాకు తల తిరిగిపోయింది. నా తెలివి అక్కర్లేదనండి, మన తెలివి అనకండి అని అరిచాను. అమ్మ గోడ మీంచి తొంగి చూసి, "కుమారీ, ఏంటా గొంతు?" అంది. నాన్నను ఎదిరించి మాట్లాడటం నాకు అదే మొదలు. తర్వాత మూడు రోజులు ఆయనతో మాట్లాడలేదు. షెడ్డులోకి వెళ్లేదాన్ని, అడిగిన కొలత చెప్పేదాన్ని, అడగనిది చెప్పేదాన్ని కాదు. ఎడమ కొమ్ము అర అంగుళం పొట్టిగానే తయారవుతుంటే చూస్తూ నిలబడ్డాను. ఈ కారు రోడ్డెక్కి ఎడమకు లాగితే నేను గెలిచినట్టు. గెలిస్తే నాన్న నన్ను షెడ్డులో ఉండనిస్తాడని లెక్కేసుకున్నాను. తండ్రి ఓడిపోవాలని కోరుకోవడం ఎలా ఉంటుందో ఆ రోజుల్లో తెలిసింది. అన్నం సయించేది కాదు.

ఈలోగా చల్లపల్లిలో మా పెద్దమ్మ కూతురి పెళ్లి వచ్చింది. అమ్మా నేనూ మూడు రోజులు వెళ్లాం. తిరిగొచ్చేసరికి ఫ్రేము కారుకు ఎక్కి ఉంది, నల్లరంగు వేసి ఉంది, వేలాడే ఇంజను దిగి దాని పీట మీద కూర్చుని ఉంది. రంగు వాసన ఇల్లంతా. నా సుద్దగీతలు కడిగేసి ఉన్నాయి. "నేను రాకుండా రంగెందుకు వేశారు?" అన్నాను. "భూషయ్యగారు తొందర పెడుతున్నారమ్మా" అన్నాడు నాన్న, నా వైపు చూడకుండా. మస్తాన్ మావయ్య ఆ రోజు ఎందుకో మాట్లాడలేదు. పెళ్లిభోజనం కబుర్లు కూడా అడగలేదు.

కారును మంగినపూడి రోడ్డు మీద నడిపి చూశారు. ఉన్నవి రెండే సీట్లు, భూషయ్యగారు నడుపుతుంటే నాన్న పక్కన. మావయ్యా నేనూ రోడ్డు పక్క తాడిచెట్ల దగ్గర నిలబడ్డాం. దూరం నుంచి వస్తోంది. ఎర్రగా, టాపు తీసేసి. దగ్గరికొచ్చాక భూషయ్యగారు రెండు చేతులూ స్టీరింగు మీంచి తీసి పైకెత్తారు. కారు దారం పట్టినట్టు సూటిగా మా ముందునుంచి వెళ్లిపోయింది. ఆయన ముఖం నాకిప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. నవ్వుతున్నారో ఏడుస్తున్నారో ఆ గాలిలో నాకు తెలియలేదు. నా కొలత తప్పు. నేను తప్పు. నాన్న దిగి వచ్చి నా పక్కన నిలబడి, "ఉన్నదాన్ని ఉన్నట్టు చేస్తే ఇలాగే ఉంటుందమ్మా" అన్నాడు. గొంతులో గెలిచిన సంతోషం లేదు. అప్పుడది పెద్దరికమనుకున్నాను.

ఆ సాయంత్రమే పటం వెనక దరఖాస్తు తీసి నింపాను. నాన్న పక్కన కూర్చుని పెన్నులో సిరా పోసిచ్చాడు. తర్వాత గూడూరు, పమిడిముక్కల, మళ్లీ గూడూరు, ఉద్యోగమంతా ఈ డెల్టాలోనే, బస్సుల్లో. మంచి టీచరునే. లెక్క చేశాక సరిచూసుకోండర్రా అని ప్రతి పిల్లకూ పిల్లాడికీ నెత్తి మీద మొట్టి మరీ చెప్పేదాన్ని. నేను మాత్రం ఆ రోజు మళ్లీ టేపు తీసుకుని కారు కిందికి దూరి సరిచూసుకోలేదు. అది నా తప్పే. అలవాటుగా షెడ్డులోకి వెళ్లడం మానేశాను. నాన్న పిలవలేదు. కొన్నేళ్లకు ఆయన దగ్గు ముదిరింది, ఆ దగ్గుతోనే వెళ్లిపోయాడు. షెడ్డు ఉన్నచోట ఇప్పుడు మోటారుసైకిళ్లు కడుగుతున్నారు.

"మేడమ్, మంచినీళ్లు తాగుతారా?" అని సతీష్ రెండోసారి అడిగినట్టున్నాడు. నాకు టేపు కావాలన్నాను. అతను దానికంటే మంచిదే తెచ్చాడు, ఎర్రటి వెలుగు చుక్క వేసి పొడవు అంకెల్లో చూపించే పరికరం. కుడి కొమ్ము చూశాడు, ఎడమ కొమ్ము చూశాడు. "రెండూ సమానమండి. ఒక్క మిల్లీమీటరు తేడా. చేత్తో చేసినదానికి ఇది చాలా గొప్ప మేడమ్" అన్నాడు. ఎడమ కొమ్ము మీద రంగు గీకమన్నాను. గీకాడు. కొమ్ము మధ్యలో చుట్టూ రెండు వెల్డింగు గీతలు, పక్కపక్కనే. కొమ్మును అడ్డంగా కోసి, సన్నని ముక్క కలిపి, మళ్లీ అతికించారు. ఆ ముక్క వెడల్పు అడగక్కర్లేదు. నాకు తెలుసు. అయినా ఈసారి సరిచూసుకున్నాను, సంచిలో ఉన్న నా ప్లాస్టిక్ స్కేలు తీసి. అర అంగుళం.

మస్తాన్ మావయ్యకు ఇప్పుడు ఎనభై దాటాయి. బందర్లోనే కొడుకు దగ్గర ఉంటాడు. ఒక కన్ను పూర్తిగా పోయింది, రెండోదానికి దగ్గరగా పెడితే కనబడుతుంది. మర్నాడు వెళ్లి ఫోనులో ఫొటో ఆయన ముక్కు దగ్గర పెట్టాను. చాలాసేపు చూశాడు. "దొరికిపోయాడా మీ నాయన" అన్నాడు.

"ఏం జరిగింది మావయ్యా?"

"నువ్వూ మీ అమ్మా చల్లపల్లి పెళ్లికెళ్లారు చూడు, ఆ పొద్దున ఎక్కించాం. ఇంజను పెట్టలా ఇంకా. చక్రాలు తగిలించి, స్టీరింగొదిలేసి షెడ్డు ముందు తోశాం. ఎడంపక్క గోడవైపుకి పోయింది. నేల వాటం అనుకుని కారు ఇటునుంచి అటు తిప్పి తోశాం. మళ్లీ ఎడంపక్కకే. మూడోసారి మీ నాయన ఒక్కడే తోశాడు, నన్ను ముట్టుకోనివ్వలా. అంతే, మళ్లీ ఎడంపక్కకే. వెళ్లి నీ సుద్దగీతల దగ్గర గొంతుక్కూచున్నాడు. నేను టీ తాగొచ్చినా అక్కడే ఉన్నాడు. చివరికి లేచి, 'మస్తానూ, అమ్మాయి ఎంత చెప్పిందో అంత కలుపు' అన్నాడు. మళ్లీ కొలవను కూడా లేదమ్మా. నీ గీత చూసే కోశాం."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

మావయ్య మంచం పట్టె గోకాడు. "నేనూ అదే అడిగా. 'చెప్తే ఇక్కడే ఉండిపోద్ది మస్తానూ. మనిద్దరం చూడు ఎట్టా ఉన్నామో' అన్నాడు. నాకప్పటికే ఈ కన్ను మసకలు. ఆయన దగ్గు నీకు తెలుసుగా. అదొకటి." కనబడే కన్నుతో నన్ను చూడబోయాడు. "ఇంకోటి కూడా ఉందిలే. ఇరవయ్యేళ్ల కూతురి ముందు నాది తప్పు అనడం మీ నాయనకి చేతకాలా. రెండూ నిజమేనమ్మా. ఏది ఎక్కువో నన్నడక్కు."

"చుక్క ఎవరు కొట్టారు?"

"ఆ పిల్లని పిలిచి దాని చేత్తోనే కొట్టించు అన్నా. వినలా. తనే కొట్టాడు. మీ నాయన చెయ్యి పక్కకి జరగడం నేను చూసింది అదొక్కసారే."

ఇలాంటిచోట కన్నీళ్లు వస్తాయంటారు. నాకు కోపం వచ్చింది. ఇంటికొచ్చి, చనిపోయి ఇన్నేళ్లయిన మనిషి మీద కోపంతో గిన్నెలు చప్పుడయ్యేలా పెట్టాను. ఎవరికీ కనబడనిచోట, నల్లరంగు కింద, ఇంజను చాటున నాకొక చుక్క పెట్టి, నా ముఖం మీద మాత్రం ఉన్నదాన్ని ఉన్నట్టు చేస్తే ఇలాగే ఉంటుందని అబద్ధమాడాడు. ఆ చుక్క నాకెందుకు? షెడ్డు తలుపు దగ్గర నిలబడి, కుమారీ, నువ్వు చెప్పిందే నిజం అని ఒక్క మాట అని ఉంటే చాలు. అన్నాక బీఎడ్‌కి వెళ్లమన్నా వెళ్లేదాన్నేమో. అప్పుడది నా నిర్ణయం అయ్యేది. కోపం తగ్గాక మిగిలింది మరీ కష్టంగా ఉంది. ఆ పెళ్లి మూడు రోజుల్లో నా సుద్దగీతల పక్కన గొంతుక్కూచున్న నాన్నను నేను చూడలేదే అనిపించింది. జీవితంలో ఒక్క గంట తిరిగి ఇస్తామంటే, ఆ గంట కావాలంటాను. ఏమీ మాట్లాడను. గోడ అవతలనుంచి చూస్తాను, అంతే. సతీష్ షెడ్డులో పెట్టెలోంచి తీసిన ఫ్రేము ఆకురాయితో అరగదీయకుండానే బోల్టులకు సరిపోతుంది. అక్కడ ఎవరి కన్నూ పోదు, ఎవరికీ దగ్గు రాదు. అది మంచిదే, నేను కాదనను. కానీ ఆ ఫ్రేము కోసం ఎవరూ నేల మీద కూర్చుని తాను తప్పని తెలుసుకోవాల్సిన పని లేదు.

వారం తర్వాత సతీష్ ఫోను చేశాడు. కొత్త ఫ్రేము ఎక్కిందట, కారు బాగా నడుస్తోందట. పాతదాన్ని ఏం చెయ్యమంటారు, పాతఇనుములో వెయ్యడానికి నాకు మనసొప్పడం లేదు మేడమ్ అన్నాడు. తీసుకెళ్తానన్నాను. ఒక ట్రాలీ ఆటో మాట్లాడుకుని వెళ్లాను. ఫ్రేము బల్లల మీదే ఉంది, తుడిచి పెట్టాడు. ఎడమ కొమ్ము మీద గీకిన చోట తుప్పు పట్టకుండా కాస్త నూనె కూడా రాశాడు. అతను కుడివైపు పట్టుకుని, ఎడమవైపు రమ్మని ఆటో డ్రైవరును పిలిచాడు. ఆ డ్రైవరు వచ్చేలోపు నేను వెళ్లి ఎడమ కొమ్ము కింద రెండు చేతులూ పెట్టాను. ఇనుము చల్లగా ఉంది. అనుకున్నదానికంటే బరువు.

"అయ్యో, మీరు వదిలెయ్యండి మేడమ్" అన్నాడు సతీష్.

నాన్న అన్నట్టే అన్నాడు, అంత ముద్దుగానే.

"వదలను బాబూ" అన్నాను. "నువ్వు ఎత్తు."

అతను నా ముఖం చూసి కుడి కొమ్ము గట్టిగా పట్టుకున్నాడు. ఇద్దరం కలిసి ఎత్తాం.